అప్‌డేట్: నల్లగొండ నుంచి వాడపల్లి దాకా నీళ్ళ వెంబడి సైకిల్ యాత్ర

నేనూ మా తమ్ముడూ నల్లగొండ నుంచి సాగర్ మీదుగా వాడపల్లికి సైకిళ్ళ మీద వెళ్ళాలనుకుంటున్నాం, దారి చెప్పమని అడిగాను కదా. వెళ్ళొచ్చాం. చెప్పిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్!

పొద్దున్నే పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద మొదలుపెట్టాం. కందూరు చోళుల నాటి చెరువు అది. పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా కదలకుండా ఉండే నీడను చూడందే ముందుకు పోకండి.

కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా సాగర్. ఎండెక్కేలోపు చేరితే హాయి. నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం ఉండదు, ఆ రోజు తప్పించి ప్లాన్ చేసుకోండి.

ఎడమ కాలువ కట్ట గురించి ఒక అన్న ముందే హెచ్చరించాడు. నిజమే. నీడ, నీళ్ళ చప్పుడు, రెండు వైపులా వరి, అంతా బాగుంది కానీ సర్కారు తుమ్మ ముళ్ళు! హాలియా దగ్గర పంక్చర్ షాపాయన ట్యూబును నీళ్ళ తొట్లో తిప్పుతుంటే మూడు చోట్ల బుడగలొచ్చాయి. ప్యాచులు, పంపు దగ్గరుంటే టెన్షన్ లేదు.

మిర్యాలగూడ దాటాక హైవే మీద లారీలు ఎక్కువ, చీకటి పడ్డాక వద్దే వద్దు. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మాత్రం తీరిగ్గా కూర్చోండి. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

తర్వాత కొల్లాపూర్, సోమశిల వైపు అనుకుంటున్నాం. ఆ ఘాట్ రోడ్డు సైకిల్‌కు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.