అప్‌డేట్: సైకిల్ తొక్కితే మోకాలి బయటివైపు నొప్పి, తగ్గింది

20 కిలోమీటర్లు దాటగానే కుడి మోకాలి బయటివైపు పొడిచినట్టు నొప్పి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఫిజియో పరీక్షించి ఐటీ బ్యాండ్ (తొడ బయటివైపు తుంటి నుంచి మోకాలి కిందిదాకా ఉండే గట్టి పట్టీలాంటి కణజాలం) సమస్యే అన్నారు.

సీటు ఎత్తు చూడమన్నవాళ్లదే సరైన మాట. సీటు మరీ ఎత్తుగా ఉండి, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు 24 డిగ్రీలే వంగుతోంది. ఈ బ్యాండ్ ఎముకకు గట్టిగా నొక్కుకునేది 30 డిగ్రీల దగ్గర; కాలు అంతకన్నా చాపుకుంటే ప్రతి చుట్టులో రెండుసార్లు అక్కడే ఒత్తిడి. మూడు విడతల్లో 5 మిల్లీమీటర్ల చొప్పున సీటు దించితే 33 డిగ్రీలకు వచ్చింది. ఒక్కసారే దించకండి, మోకాలి ముందువైపు నొప్పి మొదలవ్వొచ్చు. లోపలికి తిరిగున్న కుడి క్లీట్‌నూ (షూని పెడల్‌కు బిగించే అడుగు ముక్క) సరిచేశాం.

రెండు వారాలు సైకిల్ ఆపి, పక్కకు పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం రోజు విడిచి రోజు, 15 చొప్పున మూడుసార్లు. తర్వాత తేలిక గేర్లో 10 కిలోమీటర్లతో మొదలు. ఎనిమిదో వారంలో 60 కిలోమీటర్లు, నొప్పి లేదు.

బ్యాండ్ మీద ఫోమ్ రోలర్ (ఒంటి మీద దొర్లించే గట్టి ఫోమ్ గొట్టం), మోకాలి పట్టీ నాకేమీ ఉపయోగపడలేదు. ఎంఆర్ఐ అవసరమే పడలేదు.