వేమన పద్యంలో ‘తెలుపు కాదు’ అనాలా, ‘తెలుపు రాదు’ అనాలా?

ప్రశ్న: ‘ఎలుక తోలు తెచ్చి యేడాది యుతికిన’ అన్న వేమన పద్యంలో, ‘నలుపు నలుపె గాని’ అన్న రెండో పాదం చివర నాకు ‘తెలుపు కాదు’ అనే నోటికి వస్తుంది. అయితే ‘తెలుపు రాదు’ అన్న పాఠం కూడా విన్నాను. మా అమ్మాయికి వంశపారంపర్యం పాఠం చెబుతూ ఈ పాదం ఉదహరించబోయి ఆగిపోయాను. ‘కాదు’ అంటే ఉన్న రంగు మారదని అర్థం. ‘రాదు’ అంటే నలుపు నుంచి తెలుపు పుట్టదని కూడా చెప్పుకోవచ్చు. వేమన ఏది అని ఉంటాడు?

సమాధానం: ఛందస్సు ఈ తగవు తీర్చదండీ. కాదు, రాదు రెండూ హగణాలే (ఒక గురువు, ఒక లఘువు). యతి స్థానం ‘తెలుపు’ మీద పడింది, అక్కడ నలుపు–తెలుపుల ప్రాసయతి (రెండో అక్షరం ‘లు’ కలవడం) చక్కగా కుదిరింది. అర్థాన్ని బట్టే తేల్చుకోవాలి.

మరొకరు: అర్థాన్ని బట్టి అయితే ‘కాదు’ అన్నదే నిలుస్తుంది. 1902లో ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో లూసియన్ క్యూనో అనే జీవశాస్త్రవేత్త బూడిదరంగు చుంచులను తెల్లవాటితో కలిపితే మొదటి తరమంతా బూడిదరంగులోనే పుట్టింది, వాటి పిల్లల్లో మాత్రం దాదాపు నాలుగింట ఒకటి తెల్లగా వచ్చింది. తల్లిదండ్రులు నల్లనివైనా, రెండింటిలోనూ తెలుపునిచ్చే లక్షణం బయటపడకుండా దాగి ఉంటే తెల్లపిల్ల పుడుతుంది కనుక, ఆ అర్థంలో ‘రాదు’ పొసగదు.

మరొకరు: అయ్యా, పద్యంలో ఉతికేది తోలును. చచ్చిన తోలుకు సంతానం ఎక్కడిది? నాకైతే ‘ఏడాది యుతికిన’ అన్నదే అసలైన చోటు. 1880లలో జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మన్ చుంచుల తోకలు తరతరాలుగా కత్తిరించి, అయిదు తరాల్లో పుట్టిన 901 పిల్లల్లో ఒక్కదానికీ తోక కురచ కాలేదని చూపాడు. పైనుంచి చేసిన పని బీజానికి అందదని పద్యమూ, ఆ ప్రయోగమూ రెండూ చెబుతున్నాయి.

మరొకరు: అసలు ‘ఎలుక తోలు’ అన్న పాఠమే నాకు అనుమానం. మన ఇళ్ల ఎలుక నల్లనిది కాదు. దాని వెంట్రుక మీద పసుపు పట్టీ వేసే అగూటి జన్యువు వల్ల మట్టిరంగుగా కనిపిస్తుంది. ‘ఎలుగు తోలు’ (ఎలుగుబంటి తోలు) అని చదివితే నలుపు సహజంగా అమరుతుంది. ఎలుక, ఎలుగు రెండూ నగణాలే (మూడు లఘువులు), ‘యేడాది’తో యతి కూడా చెడదు.

తోకల ప్రయోగం చెప్పినవారు: అగూటి జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోతే ఎలుక జాతిలోనూ నిండు నలుపు వస్తుంది. ప్రయోగశాలల్లో ఎంతో వాడుకలో ఉన్న నల్ల చుంచులు అలాంటివే. కాబట్టి ‘ఎలుక’ను అంత తొందరగా కొట్టివేయలేము.

మరొకరు: రంగు సంగతి ఎలా ఉన్నా, ఈ పద్యాన్ని మనుషుల పుట్టుకకు అంటగట్టడం నాకు బాధ కలిగిస్తుంది. 1883లో ఆంగ్ల శాస్త్రవేత్త గాల్టన్ ‘యూజెనిక్స్’ అని పేరు పెట్టిన, ‘మంచి’ వంశాలనే పెంచాలన్న ఆలోచన తర్వాతి కాలంలో ఎందరికో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించింది. కులగోత్రాలు గలవారిని, విద్యచేత విర్రవీగేవారిని ఒక్క పద్యంలో కలిపి కడిగిన వేమన వంశగర్వానికి సాక్ష్యం చెప్పడు. పైగా తర్వాతి పాదంలోని కొయ్యబొమ్మకు తల్లిదండ్రులే లేరు. అది పలకకపోవడం స్వభావం గురించిన మాట, పుట్టుక గురించినది కాదు.

ఎలుగు పాఠం చెప్పినవారు: ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను. స్వభావమే విషయమైతే, చూడగానే నల్లగా కనిపించే జంతువునే కవి ఎంచుకుంటాడు. అందుకే నేను ‘ఎలుగు’ అనే చదువుతాను.