మూడో క్లాసు గోడ మీద పది ఆజ్ఞలు: కొత్తగా వచ్చినవాళ్లం, ఏం చేయాలి?

అడిగినవారు: హనుమకొండ నుంచి వచ్చిన అమ్మ (సెప్టెంబర్ 2025)

అందరికీ నమస్కారం. జులైలో వచ్చాం. టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరం వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పాప మూడో తరగతి, ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే వేశాం.

పోయిన వారం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ కూడా దించకుండా దేవుడి అర ముందు నిలబడింది. మాకింకా పూజగది లేదు, కిచెన్ కబోర్డ్‌లో ఒక అర ఖాళీ చేసి వినాయకుణ్ణి, వేంకటేశ్వరస్వామి ఫోటోని పెట్టుకున్నాం. "అమ్మా, మనం బొమ్మకి దండం పెడితే తప్పా?" అంది. ఎవరన్నారని అడిగితే ఎవరూ అనలేదట. క్లాసులో తలుపు పక్కన బైబిల్‌లోని పది ఆజ్ఞలు రాసిన పెద్ద కాగితం ఉందట, లైన్‌లో నిలబడ్డప్పుడు రోజూ చదువుతుందట. 'గ్రేవెన్ ఇమేజెస్' అంటే విగ్రహాలని పక్కనున్న అమ్మాయి చెప్పిందట. తర్వాత అదే కాగితంలోంచి "అడల్టరీ అంటే ఏంటి?" అని ఇంకో ప్రశ్న, అంటే వ్యభిచారం. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పారిపోయాను.

మా ఆయనేమో "వీసా మీద ఉన్నాం, గొడవలొద్దు" అంటున్నారు. అత్తగారు వీడియో కాల్‌లో ఒకటే టెన్షన్, అక్కడ పిల్లని మార్చేస్తారని. టీచర్‌ని అడగొచ్చా? దాని పక్కన గీత శ్లోకం కూడా పెట్టమనొచ్చా? స్కూల్ మార్చాలా?

ప్లేనో నుంచి

మంచి మాటలే కదండీ. అమ్మానాన్నల్ని గౌరవించు, దొంగతనం చేయకు. లైట్ తీసుకోండి.

ఇద్దరబ్బాయిల అమ్మ (పదకొండేళ్లుగా ఇక్కడే)

ప్లేనో అన్నా, మీకు లైట్‌గానే ఉంటుంది, మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే మీ ఊరి బడులన్నీ చూసే బోర్డు పరిధిలో, ఈ కాగితం పెట్టకుండా కోర్టు ఆపేసింది కదా! ఆవిడ ఉండేది రోడ్డుకి ఇవతల, వేరే డిస్ట్రిక్ట్‌లో.

చెల్లీ, ముందు అసలు సంగతి విను. ఇది మీ టీచర్ సొంత ఆలోచన కాదు. టెక్సాస్ శాసనసభ ఈ ఏడాది ఎస్‌బీ 10 అని ఒక చట్టం చేసింది, గవర్నర్ అబాట్ సంతకం పెట్టాడు, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి పబ్లిక్ స్కూల్లో ప్రతి క్లాస్‌రూమ్‌లో పది ఆజ్ఞలు కనపడేలా పెట్టాలి, కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. ఎవరైనా విరాళంగా ఇస్తే స్కూల్ కాదనకూడదు. కావాలంటే డిస్ట్రిక్ట్ తన డబ్బుతో కొనుక్కోవచ్చు కూడా. మొదట మొదలుపెట్టింది లూసియానా, 2024లో. అక్కడ 11 బై 14 చాలు. ఇండిపెండెన్స్ డిక్లరేషన్, మేఫ్లవర్ ఒప్పందంలాంటి దేశ స్థాపన పత్రాలు పక్కన పెట్టుకోవచ్చన్నారు. ఆజ్ఞలు తప్పనిసరి, అవి మాత్రం ఐచ్ఛికం!

నాకు నవ్వొచ్చేది ఆ కొలత దగ్గర. కెంటకీ వాళ్లు కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే 16 బై 20 సైజులో ప్రతి క్లాసులో పెట్టారు. 1980లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. ఇప్పుడు మళ్లీ ఎందుకు ధైర్యం వచ్చిందంటే, 2022లో ఆట అయ్యాక మైదానంలో ప్రార్థన చేసుకున్న ఫుట్‌బాల్ కోచ్ కేసులో ప్రభుత్వం మతంలో ఎంత దాకా వేలు పెట్టొచ్చో తేల్చే పాత కొలబద్దని అదే కోర్టు పక్కన పెట్టింది. ఆస్టిన్ క్యాపిటల్ (టెక్సాస్ శాసనసభ భవనం) ఆవరణలో ఉన్న పది ఆజ్ఞల రాతిని 2005లో ఉండనిచ్చింది కూడా. చట్టం కావాలన్నవాళ్ల వాదన ఏంటంటే, ఇది మతం కాదు, అమెరికా చట్టాలకి చారిత్రక పునాది అని. ఆ వాదనలో కొంత సరుకు లేకపోలేదు. కానీ క్యాపిటల్ ముందు రాయిని చూసి మనం పక్కకి పోవచ్చు. మూడో తరగతి పిల్ల రోజుకి ఏడు గంటలు ఆ గోడకి ఎదురుగా కూర్చోవాలి, రాకపోతే బడి ఎగ్గొట్టిందని ట్రూయెన్సీ నోటీసు వస్తుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఆగస్టు 20న శాన్ ఆంటోనియోలో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ 11 డిస్ట్రిక్టుల్లో దీన్ని తాత్కాలికంగా ఆపాడు. ప్లేనో, ఆస్టిన్, హ్యూస్టన్ అందులో ఉన్నాయి. దావా వేసినవాళ్లలో యూదులు, క్రైస్తవులు, ఏ మతమూ లేనివాళ్లతో పాటు ఒక హిందూ కుటుంబం కూడా ఉంది. మిగతా డిస్ట్రిక్టులు పెట్టాల్సిందేనని అటార్నీ జనరల్ పాక్స్టన్ అంటున్నాడు. అందుకే మీ దగ్గర ఉంది.

ఇప్పుడు నువ్వు అడిగినవి. వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిల్లల ఇమిగ్రేషన్ స్టేటస్ చూసి పబ్లిక్ స్కూల్లోంచి బయట పెట్టకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది, అది ఈ టెక్సాస్ నుంచి వెళ్లిన కేసే. టీచర్‌తో మాట్లాడటం గొడవ కాదు. కానీ "ఇది ఎందుకు పెట్టారు" అని మాత్రం అడక్కు. ఆవిడ చేతిలో లేదు, పాపం ఆవిడకీ తలనొప్పే. "దీని మీద పాఠం చెప్తున్నారా? పిల్లలు అడిగితే ఏం చెప్తున్నారు?" అని అడుగు. పెట్టమంది కానీ బోధించమని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

నా మటుకు గోడ మీద ఉన్నదాని కన్నా పిల్ల నోటితో ఏం పలికిస్తున్నారు, బ్యాగ్‌లో ఏం పంపిస్తున్నారు అన్నదే ముఖ్యం. కొత్తవాళ్లు అక్కడే చూసుకోరు.

రోజూ పొద్దున అమెరికా జెండాకి, టెక్సాస్ జెండాకి ప్లెడ్జ్ ఉంటుంది. రెండింట్లోనూ 'అండర్ గాడ్' ఉంది, టెక్సాస్ దాంట్లో 2007లో చేర్చారు. నువ్వు కాగితం మీద రాసిస్తే మీ పాప చెప్పక్కర్లేదు. చెప్పినా నష్టం లేదనుకో, మావాళ్లిద్దరూ చెప్తారు. మనం అసెంబ్లీలో చెయ్యి చాచి "భారతదేశం నా మాతృభూమి" అనలేదా? దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మన నల్లగొండ మనిషే, చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు నాకు. ప్లెడ్జ్ అయ్యాక ఒక నిమిషం మౌనం. అప్పుడు ఏ దేవుణ్ణయినా తలుచుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. మా చిన్నోడు శుక్లాంబరధరం స్పీడ్‌గా చదివితే రెండుసార్లు పడుతుందని లెక్క తేల్చాడు.

ఇక రీడింగ్ క్లాసులో ఏ పుస్తకాలు వాడుతున్నారో తప్పకుండా అడుగు. బ్లూబోనెట్ అని రాష్ట్రం తయారు చేయించిన పాఠాలున్నాయి, అయిదో తరగతి దాకా. బైబిల్ కథలు చాలా ఉన్నాయని గొడవైంది, పోయిన నవంబర్‌లో స్టేట్ బోర్డు 8-7తో ఒప్పుకుంది. తప్పనిసరి కాదు, కానీ వాడితే డిస్ట్రిక్ట్‌కి పిల్లకి 60 డాలర్ల దాకా అదనంగా వస్తాయి. అందుకని కొందరు తీసుకుంటారు, ఆశ ఎవరికి లేదు! ఏదైనా పాఠం మీ విశ్వాసానికి అడ్డొస్తే ఆ పూటకి పిల్లని పక్కన కూర్చోబెట్టమని టీచర్‌కి రాసివ్వచ్చు, టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్‌లో 26.010 అనే సెక్షన్ అందుకే ఉంది. పరీక్ష తప్పించుకోవడానికి మాత్రం పనికిరాదు. గోడకీ పనికిరాదు, గోడని ఏ పూటకని తప్పిస్తాం?

ఇంకొకటి, ఇది మర్చిపోకు. స్కూల్లో ప్రార్థనకీ, మతగ్రంథాల పఠనానికీ విడిగా సమయం పెట్టాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డూ 2026 మార్చి 1లోపు ఓటెయ్యాలి, అది ఎస్‌బీ 11 అనే ఇంకో చట్టం. మీ దగ్గర పెడితే ఇంటికి సమ్మతి పత్రం వస్తుంది. ఆ కాగితంలో, దీని మీద దావా వేసే హక్కు వదులుకుంటున్నానని కూడా ఉంటుంది. ఫీల్డ్ ట్రిప్ స్లిప్‌లాగా స్టవ్ పక్కన నిలబడి సంతకం పెట్టేసెయ్యకు. నేను ఒకసారి అలాగే ఏదో పెట్టేశాను, మావాడు బంక్ బెడ్ కూడా పట్టని గదికి రెండు కేసుల పాప్‌కార్న్ తెచ్చాడు. అది వేరే కథ.

కాటీ నుంచి

అక్కా, గీత పోస్టర్ సంగతి చెప్పలేదు. మన గుడి తరఫున వెయ్యి ప్రింట్ చేసి ఇద్దాం, కాదంటే చూద్దాం!

ఇద్దరబ్బాయిల అమ్మ

తమ్ముడూ, చట్టంలో ఉన్నది పది ఆజ్ఞలు మాత్రమే, గీత ఇస్తే తీసుకోవాలని లేదు. 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అని రాసిన బోర్డు విరాళంగా ఇస్తే స్కూల్లో పెట్టాలని ఇంకో చట్టం ఉంది. 2022లో సౌత్‌లేక్ అనే ఊళ్లో ఒక పేరెంట్ అదే మాటని అరబిక్‌లో రాయించి తీసుకెళ్తే, మాకు చాలినన్ని ఉన్నాయని తిప్పి పంపారు. అయినా తీసుకున్నారే అనుకో. మూడో క్లాసులో గీత, పక్కన ఖురాన్, గ్రంథ్ సాహిబ్, ఒక్కోటి ఎవరు ఎత్తుగా కట్టారని కొట్టుకోవడం... వినాయక చవితికి మన వీధుల్లో చూసినదే కదా. నాకొద్దు.

గుంటూరు నుంచి, ఇప్పుడు ఇర్వింగ్

అమ్మా, నేను క్రైస్తవుణ్ణి, లూథరన్, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. మా తాతల కాలం నుంచి ఆ సంఘమే. పది ఆజ్ఞలు మా ఇంటి హాల్లో ఫ్రేమ్ కట్టించి ఉన్నాయి, తెలుగులో. అయినా ఈ చట్టం నాకు నచ్చలేదు, ఎందుకో చెప్తాను.

మాకు కన్ఫర్మేషన్ (పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే కార్యం) ముందు లూథర్ చిన్న ప్రశ్నోత్తరి బట్టీ పట్టించారు, పొరపాటు పోతే మళ్లీ మొదటి నుంచి. అందులో మీ పాపని భయపెట్టిన ఆ విగ్రహాల మాట విడి ఆజ్ఞగా లేదు. రెండోది దేవుని నామము వ్యర్థముగా ఉచ్చరింపకూడదు అన్నది. క్యాథలిక్కుల వరస కూడా దాదాపు అంతే. ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ బాప్టిస్టులకి విగ్రహాలది రెండోది. యూదులకైతే ఐగుప్తు (ఈజిప్టు) దాస్యంలోంచి బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అన్న వాక్యమే మొదటిది, టెక్సాస్ పోస్టర్‌లో ఐగుప్తు ఊసే లేదు. మరి ఎవరి పది? ఆస్టిన్‌లో ఓటేసి తేల్చారు. నా దేవుడి మాట ఎలా ఉండాలో శాసనసభ తేల్చడం నాకు చిన్నతనంగా ఉంటుంది.

పాపకి ఇలా చెప్పు. అది ఒక పాత ఒడంబడిక, దేవుడు ఫలానా జనంతో చేసుకున్నాడని వాళ్ల నమ్మకం. మీ ఇంట్లో నమ్మకం వేరే. నీ స్నేహితురాలు అబద్ధం చెప్పలేదు, మీ అమ్మ తప్పు చేయట్లేదు. పిల్లలకి అర్థమవుతుంది.

ఒక చిన్న సంగతి. కేరళలో ముగ్గురు పిల్లలు మతం కారణంగా జనగణమన పాడలేదని స్కూల్ వెళ్లగొడితే, 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. పిల్లలు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడకపోవడం అవమానం కాదు అని. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి మన తెలుగువాడు. జెండా వందనం బలవంతం చేయకూడదన్న 1943 నాటి అమెరికా తీర్పుని అందులో ప్రస్తావించాడు కూడా. మీ ఆయనకి చెప్పు, ఇలాంటివి అడగడం మనకి కొత్తేం కాదు.

హనుమకొండ అమ్మ (డిసెంబర్)

అక్కా, అంకుల్, లేటుగా రాస్తున్నా, సారీ.

టీచర్‌ని కలిశాను. వణుకుతూనే వెళ్లాను, పది నిమిషాల్లో అయిపోయింది. పాఠం ఏమీ చెప్పట్లేదట, పిల్లలు అడిగితే "ఇంట్లో అడగండి" అంటుందట. పాప అడిగిన మొదటి ప్రశ్న చెప్తే ఆవిడ మొహం చిన్నబోయింది. మర్నాడు లైన్ కట్టే చోటు మార్చింది, తలుపుకి అటు పక్క. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సెప్టెంబర్‌లో ఫ్రీడమ్ వీక్ అని ఇండిపెండెన్స్ డిక్లరేషన్‌లో కొన్ని వాక్యాలు అప్పచెప్పించారు, మూడో తరగతి నుంచి అందరికీ ఉంటుందట. మనుషులంతా సమానంగా పుట్టారు అన్న ముక్క. మా పాప దాన్ని వాళ్ల నానమ్మకి ఫోన్‌లో వినిపించింది. అక్కడ కూడా 'క్రియేటర్' అని ఉందే, ఆయన ఎవరు అని నానమ్మ అడిగితే, "అందులో పేరు రాయలేదు నానమ్మా, అందుకే మనక్కూడా పనికొస్తుంది" అంది. అత్తగారు ఆ రోజు నుంచి మార్చేస్తారన్న మాట ఎత్తలేదు.

నవంబర్‌లో ఇంకో జడ్జి మరో 14 డిస్ట్రిక్టుల్లో ఆపమన్నాడు కదా, మాదీ అందులో ఉంది. డిసెంబర్ 1 లోపు తీసెయ్యమన్నారు, తీసేశారు. మళ్లీ పెట్టొచ్చు, కేసు పై కోర్టులో ఉందని మా ఆయన అంటున్నారు. ప్రస్తుతానికి అక్కడ టేపు గుర్తులు నాలుగు, మధ్యలో లంచ్ మెనూ.

ఆ రెండో ప్రశ్న మాత్రం ఇంకా బాకీ ఉంది. ప్రతిసారీ పాలు పొంగవు. మీ పిల్లలకి ఎవరైనా ఎలా చెప్పారో చెప్పండి, ప్లీజ్.