కెనెల్ మూల వదలని కుక్క: దత్తతకి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: ఆదివారం_వాలంటీర్

హైదరాబాద్ శివార్లలో ఒక షెల్టర్‌కి వాలంటీర్‌గా వెళ్తాను. ఈ పోస్టు నేరేడు గురించి. నాటు కుక్క, ఆడది, ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. పళ్లు చూసి రెండేళ్లుంటాయన్నారు. బరువు 14 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, దానికి గుర్తుగా చెవికి వి కోత ఉంది. రేబిస్, నైన్ ఇన్ వన్ (మిగతా కుక్క జబ్బులకి కలిపి వేసేది) రెండు టీకాలూ పడ్డాయి. వచ్చి ఏడు నెలలు. పట్టుకొచ్చిన చోట ఇప్పుడు పునాదులు తవ్వుతున్నారు, అక్కడ వదిలే వీల్లేదు.

కెనెల్ (షెల్టర్‌లో కుక్కని ఉంచే కమ్మీల గది) ముందు మనిషి నిలబడితే చాలు, వెనక గోడకి అతుక్కుపోయి మొహం మూలకి తిప్పేసుకుంటుంది. మొరగదు, గుర్రుమనదు, ఎవర్నీ కరవలేదు. ఎత్తుకుంటే బొమ్మలా బిగుసుకుపోతుంది. గిన్నె పెట్టి వెళ్లిపోతే తింటుంది, ఎదురుగా ఉంటే ముట్టదు. పక్క కుక్కలతో మాత్రం హాయిగా ఆడుతుంది.

మూడు సంగతులు కావాలి. కెనెల్‌లో ఉండగా ఏం చేయాలి? ప్రకటనలో భయస్తురాలని రాయాలా వద్దా (రాస్తే ఎవరూ రారని ఇక్కడ కొందరి వాదన)? మియాపూర్ నుంచి ఒక కుటుంబం అడుగుతోంది. నాలుగో అంతస్తు ఫ్లాట్, భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, వేరే కుక్క లేదు. ఇవ్వొచ్చా?

జవాబు 1: గోనెసంచి

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఎత్తుకుంటే బిగుసుకుపోవడం శాంతం కాదు. పారిపోయే దారీ లేదు, ఎదిరించే ధైర్యమూ లేదు, అప్పుడు కుక్క చేసే మూడో పని అది. కాబట్టి ఎత్తుకోవడం ఈ రోజే ఆపేయండి. 'మచ్చిక చేస్తున్నాం' అంటూ ఒళ్లో కూర్చోబెట్టుకునే వాళ్లని కూడా ఆపండి.

చేయాల్సింది ఇది. కోడి లివర్ ఉడకబెట్టి శనగ గింజంత ముక్కలు కోసుకోండి, ఒక విడతకి 20 సరిపోతాయి. లివర్ ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి, రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటనివ్వకండి. కెనెల్ బయట, తలుపుకి పక్కగా తిరిగి, నేల మీద కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు, పిలవొద్దు, చెయ్యి చాపొద్దు. ముక్క విసిరేటప్పుడు చాలామంది చేసే తప్పు, తమ దగ్గరికి రప్పించేలా వేయడం. ఆకలి కొద్దీ ముందుకొస్తుంది, ముక్క నోట్లో పడ్డాక తల ఎత్తి చూస్తే మనిషి రెండడుగుల దూరంలో ఉంటాడు. ఉలిక్కిపడుతుంది. కొన్ని కుక్కలు కరిచేది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకే ముక్క ఎప్పుడూ దాని వెనక్కి వేయండి. తినడానికి మీకు దూరంగా వెళ్లాలి, తిన్నాక మళ్లీ మీ వైపు తిరగాలా వద్దా అనేది దాని ఇష్టం. తిరిగిందా, ఇంకో ముక్క, అదీ వెనక్కే. ముందుకు ఒక అడుగు వేసినా సరే, మీరు మాత్రం కదలకండి.

మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. కుక్క బాగా ముందుకొస్తున్నప్పుడే లేచి వెళ్లిపోండి. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని గంట కూర్చుంటే నిన్నటిది కూడా పోతుంది.

మొదటి రోజు మీ ఎదుట తినకపోతే మీరు మరీ దగ్గరగా కూర్చున్నారని లెక్క. తినేంత దూరం జరగండి, పదిహేను అడుగులైనా సరే. మూతి నాక్కోవడం, నిద్ర లేకుండా ఆవులించడం, తల అటు తిప్పి కన్ను మాత్రం ఇటు వేయడంతో తెల్లగుడ్డు నెలవంకలా కనబడటం, ఎండ లేకపోయినా వగర్చడం. వీటిలో ఏది కనబడినా వెనక్కి జరగాలి. చెవులు మెత్తబడి, ఒళ్లు దులుపుకుని, నేల వాసన చూస్తూ తిరిగితే సరైన దారిలో ఉన్నట్టు.

ఇంకో రెండు మాటలు. కెనెల్ కడిగేటప్పుడు దాన్ని ముందే పక్క ఆవరణలోకి పంపండి. మూల నక్కిన కుక్క చుట్టూ రోజూ చీపురు, నీళ్ల పైపు తిప్పుతుంటే మీ ఐదు నిమిషాల పని బూడిదలో పోసిన పన్నీరే. రెండోది, ఒక్కరే చేయకండి. మీకొక్కరికే అలవాటైతే 'మనుషులు మంచివాళ్లు' అని నేర్చుకోదు, 'ఈ నీలం చుడీదార్ మంచిది' అని నేర్చుకుంటుంది. రెండో వారం నుంచి ఇంకో మనిషి, ఆ తర్వాత ఒక మగమనిషి, ఆ తర్వాత టోపీ పెట్టుకున్నవాళ్లు. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ దూరం మళ్లీ మొదటి నుంచే.

జవాబు 2: నలుపుతెలుపు

ప్రకటన సంగతి. రాయాలి. రాయకపోతే వచ్చేవాళ్లు తోకాడించే కుక్కని ఊహించుకుని వస్తారు, వారం తిరక్కుండా తిరిగి ఇచ్చేస్తారు. అలా ఇల్లు చూసి వెనక్కొచ్చిన భయస్తురాలికి రెండో ఇల్లు దొరకడం మరీ కష్టం. కానీ 'పాపం', 'హింసలు పడింది' లాంటి మాటలు వద్దు. నేరేడు గతం మీకు తెలియదు. భయపడే కుక్కలన్నీ దెబ్బలు తిన్నవి కావు. మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల వయసు లోపు మనుషుల్ని దగ్గరగా చూడని కుక్క ఇలాగే ఉంటుంది. జాలి చూసి వచ్చేవాడు మొదటి రోజే కావలించుకుంటాడు, అది మనకి వద్దు.

ఏం చేస్తుందో అది రాయండి. ఇలాగన్నమాట:

'నేరేడు, రెండేళ్ల నాటు కుక్క, 14 కిలోలు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి. తోటి కుక్కలతో చక్కగా ఆడుతుంది. కొత్త మనిషిని చూస్తే దూరంగా వెళ్లి కూర్చుంటుంది, కరవదు, మొరగదు. మీ చేతిలో తినడానికి వారాలు పట్టొచ్చు, ఒళ్లో పడుకునే రోజు రాకపోవచ్చు. గోల లేని ఇల్లు, గ్రిల్ తలుపు, తొందరపడని మనుషులు కావాలి. ఇంట్లో స్నేహంగా ఉండే కుక్క ఉంటే మరీ మంచిది.'

'కరవదు' అనేది ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టే. ఫోన్ చేసినవాళ్లకి ఆ ముక్క విడమరిచి చెప్పండి.

ఫోటోల విషయంలో నల్ల కుక్కకి రెట్టింపు అన్యాయం జరుగుతుంది. కెనెల్ కమ్మీల వెనక నల్లటి ముద్దలా తప్ప కనబడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, సున్నం గోడ ముందు తీయకండి. గోడ వెలుతురుకి ఫోన్ సర్దుకుని కుక్కని ఇంకా నల్లగా చేస్తుంది. ఉదయం ఎనిమిది లోపు చెట్టు నీడలో, వెనక గడ్డి ఉండేలా, కెమెరా కుక్క కళ్ల ఎత్తుకి దించి, తెర మీద దాని మొహాన్ని తాకి వెలుతురు కొంచెం పెంచండి. ఫ్లాష్ అసలొద్దు. అన్నిటికంటే పనికొచ్చేది వీడియో. పక్క కుక్కతో ఆడుతుండగా దూరం నుంచి 30 సెకన్లు తీసి, చివర మనిషి వచ్చినప్పుడు ఎలా వెనక్కి జరుగుతుందో అది కూడా ఉంచేయండి.

జవాబు 3: పశువైద్యం_కర్నూలు

భయం అని తేల్చేముందు నొప్పి లేదని తేల్చండి. పళ్లు, చెవులు, తుంటి, వెన్ను చూపించారా? రక్తపరీక్ష, బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) చేయించండి. మన ప్రాంతంలో షెల్టర్ కుక్కల్లో పిడుదుల జ్వరం మామూలు, ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్క కూడా మూల పట్టుకునే పడుకుంటుంది. నులిపురుగుల మాత్ర సాధారణ రకమైతే పది కిలోలకి ఒకటి, నేరేడుకి ఒకటిన్నర. పిడుదుల మందు బరువుని బట్టి డాక్టర్ రాస్తారు.

కారు ప్రయాణానికి, దీపావళికి భయం తగ్గించే మందులున్నాయి. ఏది ఎంత అన్నది కుక్కని చూసిన డాక్టరే చెప్పాలి. ప్రయాణానికి కొన్ని రోజుల ముందే షెల్టర్‌లో ఒకసారి వేసి చూడండి, కొన్ని కుక్కలకి మత్తుకి బదులు చిరాకు పెరుగుతుంది. ఏసిప్రోమజిన్ అనే మత్తు మందు ఒక్కటే ఇస్తామంటే మాత్రం ఇంకోసారి అడగండి. అది ఒంటిని కదలనివ్వదు గానీ లోపలి భయం అలాగే ఉంటుంది.

వాలంటీర్లకి: ఇలాంటి కుక్కలతో పనిచేసేవాళ్లు ముందస్తు రేబిస్ టీకాలు వేయించుకోవాలి. పన్ను గీసుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. కుక్కకి టీకా అయింది కదా అని ఊరుకోవద్దు.

జవాబు 4: గ్రిల్_తలుపు

ఫ్లాట్‌కి ఇవ్వొచ్చు. నాలుగో అంతస్తు కన్నా భయపెట్టేది గేటు దగ్గర పట్టు జారడం. కొత్త ఇంటికెళ్లిన బెరుకు కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. పట్టీ లాగితే ఎదురు తిరిగి వెనక్కి తన్నుకుంటాయి, తల నుంచి మామూలు పట్టీ, భుజాల నుంచి మామూలు హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) చొక్కా విప్పినట్టు ఊడొచ్చేస్తాయి. అందుకని రెండూ ఉండాలి. మెడకి లాగితే బిగుసుకునే మార్టింగేల్ పట్టీ (బిగిసినప్పుడు చెవుల మీంచి జారకూడదు, ఊపిరీ ఆగకూడదు), ఒంటికి నడుము దగ్గర మూడో పట్టీ ఉన్న హార్నెస్. రెండింటికీ విడివిడి తాళ్లు, ఒకటి చేతికి, ఒకటి నడుముకి. గుంజితే పొడవు పెరిగే తాడు వద్దు, చేతిలోంచి జారితే ఆ ప్లాస్టిక్ పిడి వెంటపడి తరుముతున్నట్టు కుక్క ఇంకా పరిగెడుతుంది. ఇవన్నీ షెల్టర్‌లోనే పదిరోజులు అలవాటు చేయండి. మెడకి ఫోన్ నంబర్ బిళ్ల తప్పనిసరి.

కారు షెల్టర్ గేటు లోపలికి తెచ్చి, గేటు మూశాకే ఎక్కించాలి. అటు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ అంతే. మొదటి వారం లిఫ్ట్ వద్దు, జనం తక్కువున్న వేళ మెట్లే.

ఇంట్లో వంటగదికి దూరంగా ఒక మూల ఇవ్వాలి. కుక్కర్ విజిల్, మిక్సీ మనకి వినబడనంతగా అలవాటైపోయాయి, దానికి అవి పిడుగులు. మంచం కిందో బల్ల కిందో చాప వేసి, అందులో ఉన్నంతసేపు ఎవరూ ముట్టుకోరని ఇల్లంతా ఒప్పందం. టైల్స్ మీద జారిపోతాయని చాలా కుక్కలు అడుగు వేయవు, మొండితనం అనుకుంటారు. మూల నుంచి నీళ్ల గిన్నెకి, తలుపుకి గోనెసంచులో యోగా చాపలో బాటగా పరిస్తే చాలు. చెక్క తలుపు తీసేముందు బయటి గ్రిల్ తలుపు మూసి ఉందో లేదో చూడాలి, రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు. కాలింగ్ బెల్ కొన్నాళ్లు తీసేయండి. బాల్కనీకి వల కట్టేదాకా ఆ తలుపు తీయొద్దు.

మొదటి రోజు తినకపోవడం మామూలే, రెండు రోజులు దాటితే డాక్టర్‌కి చూపించాలి. మూత్రం కూడా బిగబడుతుంది. తెల్లవారుజామున, ఎవరూ లేని చోట, మట్టి మీద పది నిమిషాలు కదలకుండా నిలబడితే పోస్తుంది. 24 గంటలైనా పోయకపోతే ఫోన్ చేయాల్సిందే. షెల్టర్‌లో తినే తిండే మొదటి వారం పెట్టి, తర్వాత వారంలో మెల్లిగా కొత్తదానికి మార్చాలి. ఈ బరువుకి పొడి మేత అయితే రోజుకి సుమారు 220 నుంచి 250 గ్రాములు, రెండు పూటలుగా. సంచి మీది లెక్క కూడా చూసుకోండి.

పాపకి తొమ్మిదేళ్లంటే చెబితే వినే వయసు. పాప పని ముక్కలు వెనక్కి విసరడం ఒక్కటే, ముట్టుకోవడం కాదు. నిజానికి ఆ పని పెద్దవాళ్లకన్నా పిల్లలే బాగా చేస్తారు.

తప్పిపోతే వెంటపడొద్దు, పేరు పెట్టి అరవొద్దు. దాని దుప్పటి, తిండి తప్పిపోయిన చోటే పెట్టి, ఆ గంటలోనే షెల్టర్‌కి చెప్పాలి. దానికి తెలిసిన ఒక్క మనిషి రాత్రి రద్దీ తగ్గాక వచ్చి కూర్చుంటే దొరికే అవకాశం ఎక్కువ. పదిమంది టార్చిలతో వెతికితే ఇంకో కాలనీకి పోతుంది.

అసోసియేషన్ వాళ్లు కుక్క వద్దంటే జంతు సంక్షేమ బోర్డు 2015 సర్క్యులర్ చూపించమనండి. అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు సంఘాలకి లేదని అందులో ఉంది. ఇంకోటి, వీధికుక్కని దత్తత తీసుకున్నవాళ్లు దాన్ని మళ్లీ వీధిలో వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వులో చెప్పింది. 'కుదరకపోతే షెల్టర్‌కే తిరిగిస్తాం' అనే వాక్యం ఒప్పంద పత్రంలో ఉండాలి.

ఆదివారం_వాలంటీర్:

అందరికీ ధన్యవాదాలండీ. ఎత్తుకోవడం ఆపేశాం, రక్తపరీక్షకి రాయించాను. ఆ కుటుంబం ఈ శనివారమే తీసుకెళ్తామంటోంది. పంపమంటారా?

గోనెసంచి:

ఈ శనివారం వద్దండీ. హార్నెస్ అలవాటు కాలేదు, రిపోర్టూ రాలేదు. వాళ్లని మూడుసార్లు రమ్మనండి. మొదటిసారి పెద్దవాళ్లు మాత్రమే, పావుగంట, కెనెల్ బయట పక్కగా కూర్చుని ముక్కలు విసరడమే పని. రెండోసారి కూడా అంతే. మూడోసారి పాపని తెమ్మనండి. మూడో రాకలో నేరేడు వాళ్ల ఎదుట తింటే అప్పుడు మూడు వారాల ఫోస్టర్‌గా (తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకునేలా) పంపండి, దత్తత సంతకాలు ఆ తర్వాత. తినకపోతే ఇంకో రెండుసార్లు రమ్మనండి. విసుక్కుని మానేస్తే ఆ విసుగు ఇప్పుడే తెలియడం మేలు.

మొదటిసారి వచ్చేటప్పుడు వాళ్లింట్లో వాడిన పాత దుప్పటి ఒకటి తెమ్మనండి. అది నేరేడు కెనెల్‌లోనే ఉంటుంది, మళ్లీ నేరేడుతోపాటే కారెక్కుతుంది. మధ్యలో ఎవరూ ఉతక్కుండా చూడండి.