అమ్మానాన్నలు బెంగళూరు వస్తున్నారు, మందుల చీటీ వాళ్ళకు అర్థమయ్యేదెలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. వచ్చే నెల కర్నూలు నుంచి అమ్మానాన్నలు మారతహళ్ళికి వస్తున్నారు. తెలుగు తప్ప వేరే భాష రాదు. ఇద్దరికీ షుగర్, బీపీ. అమ్మకు థైరాయిడ్ కూడా. పగలంతా నేను ఆఫీసులోనే. మందుల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు 1:
చీటీ మొత్తం అనువదించే పని పెట్టుకోకండి. చేతిరాత చీటీని ఫొటో తీసి తెలుగులోకి మార్చే యాప్‌లను అసలు నమ్మొద్దు. ఒక్కొక్కరికీ విడిగా ఒక తెల్లకాగితం మీద మీరే పట్టీ రాయండి: పరగడుపున, టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం అన్నం తర్వాత, రాత్రి. మందు పేరు తెలుగు లిపిలో, పక్కనే అది దేనికో.

చీటీలో 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఓడీ రోజుకోసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. దాన్ని పట్టీలో రాస్తే రోజూ వేసేసుకుంటారు. వేరే కవర్లో పెట్టి, ఏ బాధకు వేసుకోవాలో, రోజుకు ఎన్ని మించకూడదో కవరు మీద రాయండి.

థైరాయిడ్ మాత్రకు ‘పరగడుపున’ అని రాసి వదిలేస్తే చాలదు, కాఫీ తాగడాన్ని చాలామంది తినడం కింద లెక్కేయరు. ‘మంచినీళ్ళతో మాత్ర, గంట తర్వాతే కాఫీ’ అని రాయండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికీ మధ్య 4 గంటలు ఉండాలి.

ప్రింటు తీస్తే అక్షరం 18 పాయింట్లకు తగ్గించకండి. చిన్న సైజులో తెలుగు ఒత్తులు అలుక్కుపోతాయి. లామినేషన్ కూడా వద్దు. లైటు పడి మెరుస్తుంది, శుక్లాలున్న కళ్ళకు అసలు కనబడదు.

జవాబు 2 (మందుల షాపు అనుభవంతో):
‘తెల్ల మాత్ర, గులాబీ మాత్ర’ అని ఎప్పుడూ గుర్తు చెప్పకండి. షాపు మారితే కంపెనీ మారుతుంది, రంగూ మారుతుంది. పాతదీ కొత్తదీ వేరనుకుని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. షీటు మీద కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు మందు పేరు ఉంటుంది. పాత షీటు పక్కన పెట్టి ఆ పేరూ, ఎంత ఎంజీ అన్నదీ రెండూ కలిశాయో లేదో చూడండి. షీటు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచండి.

ఇన్సులిన్ సీసా అయితే ఇది మరీ ముఖ్యం. సీసా మీద 40 ఐయూ (ఒక ఎంఎల్‌లో ఎన్ని యూనిట్ల మందు ఉందో చెప్పే అంకె) అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఐయూ అని ఉంటే నారింజ మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే, అదే అంకె గీతకు రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి పోతుంది. షుగర్ ప్రాణం మీదికి తెచ్చేంత పడిపోవచ్చు.

జవాబు 3:
బెంగళూరులో తెలుగొచ్చిన డాక్టర్లు బాగానే దొరుకుతారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. చిక్కంతా నర్సులతో, టెక్నీషియన్లతో మాట్లాడేటప్పుడే. కన్నడలో ‘ఆయాస’ అంటే అలసట. మన పెద్దవాళ్ళు ‘ఆయాసంగా ఉంది’ అంటే ఊపిరి అందడం లేదని. అవతలివాళ్ళు అలసటేమో అనుకుని కూర్చోబెట్టేస్తారు. ‘ఉసిరాటద తొందరె’ అన్న మాట అమ్మానాన్నలకు నేర్పండి. కళ్ళు తిరగడానికి ‘తలె సుత్తు’. మాటకు మాట మార్చి కళ్ళ సంగతి చెబితే కంటి డాక్టరు దగ్గరికి పంపేస్తారు. ఉబ్బసం, ఉబ్బరం కూడా వేరువేరని, తెలుగు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు మధ్యలో ఉంటే విడమరిచి చెప్పాలి.

ఇంట్లో ‘అర్థమైందా?’ అని అడగొద్దు. అర్థం కాకపోయినా పెద్దవాళ్ళు ‘ఆఁ’ అనేస్తారు. ‘రాత్రికి ఏది వేసుకుంటావమ్మా, తీసి చూపించు’ అని అడగండి. తప్పు తీస్తే పట్టీ సరిగా లేదని అర్థం, పట్టీనే మార్చండి.

జవాబు 4:
ఆహారం సంగతి కూడా. బీపీకి ‘ఉప్పు తగ్గించండి’ అంటే కూరలో తగ్గించి ఊరగాయ రెండింతలు వేసుకుంటారు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు అని పేరుపేరునా పట్టీ కింద రాయండి.