చర్చ: నాగయ్య గారు నిర్మాత కాకుండా ఉండవలసిందా?

గ్రీమ్స్‌పేట వాసి:
రేపల్లెలో పుట్టినా, మన రామవిలాస సభ నాటకాల పుణ్యమా అని ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకున్న చిత్తూరు నాగయ్య గారిని తలుచుకున్నప్పుడల్లా ఆయన దానగుణం దగ్గరే ఆగిపోతున్నాం. నా ప్రశ్న వేరు. వాహినీ వారి ‘వందేమాతరం’ (1939), ‘దేవత’ (1941) చిత్రాలతో అంత ఎత్తుకు ఎదిగిన నటుడు సొంత నిర్మాణానికి దిగి, సంపాదించినది అందులో పోసి, చివరి రోజుల్లో చిన్నాచితకా వేషాలకు ఒప్పుకోవలసి రావడం పొరపాటు కాక మరేమిటి? త్యాగరాజ కృతి ‘నిధి చాల సుఖమా’ పాడినవారికి నిధితో పనేమిటన్న మాట మాత్రం దయచేసి ఎవరూ తేవద్దు. దానితో ఇంటి అద్దె తీరదు.

తిరుపతి, భవానీనగర్:
ఏకీభవిస్తున్నాను. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి గారు ‘చందమామ’ను, విజయా చిత్రనిర్మాణ సంస్థను నిలబెట్టి, ‘మాయాబజార్’ (1957) తీసి, 1980లలో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలికి అధ్యక్షులయ్యారు. కళాపోషణ చేయదలచినవారికి ముందు చిట్టా, ఆవర్జా తెలియాలి.

కొంగారెడ్డిపల్లె:
అయ్యా, నాగిరెడ్డి గారు నిర్మాత. నాగయ్య గారు నిర్మాత కావలసి వచ్చిన గాయకుడు. ఇద్దరినీ ఒకే తక్కెడలో పెట్టకండి. తెలుగులో తొలి నేపథ్యగానంగా చాలామంది చెప్పే పాట, రావు బాలసరస్వతీదేవి గారిది, ఆయన సొంత చిత్రం ‘భాగ్యలక్ష్మి’ (1943) లోనిదే. తన పాట తానే పాడుకోగల నటుడు, పాడలేనివారికి గొంతు అరువిచ్చే పద్ధతికి తన డబ్బుతో దారి వేశాడన్నమాట. ఇక ‘త్యాగయ్య’ (1946): నిర్మాణం, దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర అన్నీ ఆయనవే. ఒక చిత్రంలో అన్నేసి త్యాగరాజ కృతులకు ఆ రోజుల్లో మరో పెట్టుబడిదారు ఒప్పుకుని ఉండేవాడని నేననుకోను. మా తాతగారి ఇంట్లో ‘నిధి చాల సుఖమా’ రికార్డు అంచు పగిలి ఉండేది. ముల్లును కాస్త లోపలికి పెట్టవలసి రావడంతో పల్లవి సగం నుంచే మొదలయ్యేది. కచేరీ గడప తొక్కని మా నాయనమ్మకు త్యాగరాజస్వామి అలాగే పరిచయమయ్యాడు. ఆమె చివరిదాకా ఆ పాటను సగం నుంచే అందుకునేది.

‘నా ఇల్లు’ (1953), ‘రామదాసు’ (1964) విషయంలో మీ వాదనకు బలముంది. ఏళ్ల తరబడి సాగే చిత్రం ఎవరినైనా ముంచుతుంది. అయితే ‘రామదాసు’లో కబీరు పాటలను మహమ్మద్ రఫీ చేత పాడించడం పాట తెలిసినవాడి పట్టుదల. పద్దు చూసుకునేవాడు మద్రాసులోనే ఎవరినో ఒకరిని వెతుక్కునేవాడు.

గ్రీమ్స్‌పేట వాసి:
రఫీ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ‘త్యాగయ్య’ వరకు నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. 1953 తరువాతి ఖర్చును మాత్రం ఇప్పటికీ సమర్థించలేను. 1965లో పద్మశ్రీ వచ్చింది గానీ, అది అప్పులవాళ్లకు చూపించే కాగితం కాదు. ఆ రికార్డు ఇంకా మీ ఇంట్లోనే ఉంటే, వచ్చే ఆదివారం విని వెళ్లడానికి రావచ్చునా?