అత్యాచారం మగాడి శరీరంలోనే ఉందా, మనం పెంచే పద్ధతిలో ఉందా?

హన్మకొండ రవి:
కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్యాంటీన్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. మగాడి పుట్టుకలోనే ఆ గుణం ఉందని మా దోస్తు వాదన. జీవశాస్త్రవేత్త థోర్న్‌హిల్, మానవ శాస్త్రవేత్త పామర్ 2000లో రాసిన పుస్తకం చూపించాడు. మగ స్కార్పియన్ ఫ్లై పురుగుకు ఆడదాన్ని బలవంతంగా పట్టుకోవడానికి పొట్ట మీద పట్టుకారులాంటి భాగం ఉంటుందట. మనిషి కూడా అంతేనా?

కాజీపేట సునీత:
ఆ పురుగుకు ఆ భాగం ఉంది, మనిషికి అలాంటిదేమీ లేదు రవన్నా. పైగా ఆ ఇద్దరికే మాట కలవలేదు, ఇది సంతానం పెంచుకోవడానికి పరిణామంలో పుట్టిన ప్రత్యేక గుణమని థోర్న్‌హిల్, కాదు, మగాళ్లలోని వేరే కోరికల వల్ల పక్కన పుట్టుకొచ్చేదని పామర్. సరే, సంతానం కోసమే అయితే పసిపిల్లల మీద, ముసలమ్మల మీద, మగవాళ్ల మీద ఎందుకు జరుగుతోంది? మానవ శాస్త్రవేత్త పెగ్గీ శాండే 1981లో 95 తెగల వివరాలు పోల్చి చూస్తే దాదాపు సగం తెగల్లో అత్యాచారం లేదు, లేదా చాలా అరుదు. ఎక్కువగా ఉన్నచోట యుద్ధాలు, మగవాళ్ల పెత్తనం కూడా ఎక్కువే. శరీరం అందరిదీ ఒకటే కదా, మరి ఇంత తేడా ఎక్కడిది?

పరకాల సార్:
అమ్మా సునీతా, నేను జువాలజీ చెప్పేవాణ్ణి. శాండే లెక్క పాత పరిశోధకులు రాసిపెట్టిన వాటి మీద ఆధారపడింది, వాళ్లకు ఆడవాళ్లు ఇలాంటివి చెప్పుకుని ఉంటారా? ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద కోతుల్లో మగవి బలవంతం చేయడం అడవిలో కళ్లారా చూసి రాసిన విషయం. జీవశాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెడితే ఎలా? కారణం చెప్పడం వేరు, నేరాన్ని సమర్థించడం వేరు, ఆ పుస్తకం రాసినవాళ్లు కూడా ఈ మాట గట్టిగానే చెప్పారు.

కాజీపేట సునీత:
శాండే విషయంలో మీరన్నది నిజమే సార్, అందుకే మగవాళ్లనే నేరుగా అడిగిన సర్వే చెప్తాను. 2013లో ఐక్యరాజ్యసమితి బంగ్లాదేశ్, చైనా, కంబోడియా, ఇండోనేషియా, శ్రీలంక, పాపువా న్యూగినీలలో పదివేల మందికి పైగా మగవాళ్లను అడిగింది. 'అత్యాచారం' అన్న మాట వాడకుండా, ఆమెకు ఇష్టం లేకున్నా బలవంతం చేశావా అని. బంగ్లాదేశ్‌లో పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువగా అవునన్నారు, పాపువా న్యూగినీలోని బోగన్‌విల్ దీవిలో సగం కంటే ఎక్కువ మంది. ఎందుకు చేశావంటే ఎక్కువ మంది చెప్పింది ఒకటే, ఆమె ఒప్పుకోకపోయినా అది నా హక్కు అని. ఒరాంగుటాన్‌కు హక్కు అన్న ఆలోచన ఉండదు సార్, అది మన ఇళ్లల్లో నేర్పిందే.

హన్మకొండ రవి:
మరి మనం చేయగలిగేది ఏముంది?

కాజీపేట సునీత:
అదే సర్వేలో, చేసినవాళ్లలో సగానికి పైగా మొదటిసారి చేసింది ఇరవై ఏళ్లు నిండకముందే. అంటే మన ఇంటర్ కాలేజీల పిల్లల వయసు. మనమేమో ఆడపిల్లకు చీకటి పడకముందే ఇంటికి రమ్మని చెప్తాం, దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నిందితుడు తెలిసినవాడే అని నేర రికార్డుల లెక్క ప్రతి ఏడూ చెప్తూనే ఉంది, నూటికి తొంభై పైనే. సార్, మీ క్లాసులో మగపిల్లలతో ఈ హక్కు సంగతి ఎప్పుడైనా మాట్లాడారా?

పరకాల సార్:
పునరుత్పత్తి పాఠం చెప్తాను, ఇది ఎన్నడూ మాట్లాడలేదమ్మా. ఈ నెలలో ఆ పాఠం ఉంది, మాట్లాడతాను.